మీకు తెలుసా? ముదిగుబ్బకు ఒక్క పూట దూరంలో ఒక సామ్రాజ్య రాజధాని

హంపి కూలిపోయాక విజయనగర సామ్రాజ్యానికి రాజధాని అయింది మన పెనుకొండేనని మీకు తెలుసా? ముదిగుబ్బలో పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరితే చాలు, ధర్మవరం మీదుగా వెళ్లి ఎండ ముదరకముందే ఆ రాజధాని కోట వాకిట్లో నిలబడొచ్చు. హంపికి మినీ బస్సులు మాట్లాడుకుని వెళ్లే మనవాళ్లు పెనుకొండను మాత్రం రైలు కిటికీలోంచో, బెంగళూరు హైవేలో కారు అద్దంలోంచో చూసి దాటిపోతారు. కొండ కనిపిస్తుంది, కోట కనిపించదు. దిగి చూస్తే తప్ప కనిపించని ఊరు అది.

1565 జనవరి 23న దక్కన్ సుల్తానులతో జరిగిన యుద్ధాన్ని మనం తళ్లికోట యుద్ధమని చదువుకున్నాం. రాక్షసి-తంగడి యుద్ధమన్నా అదే. అందులో, విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు హంపికి తిరిగొచ్చి, పేరుకు మాత్రమే రాజుగా ఉన్న సదాశివరాయలను వెంటబెట్టుకుని, చేతికందిన ఖజానా మూటగట్టుకుని పెనుకొండ దారి పట్టాడు. ఆ బంగారం, వజ్రాలు, రత్నాలు మోయడానికి 550 ఏనుగులు పట్టాయని రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చయిన తన విజయనగర చరిత్రలో రాశాడు. ఈ ఏనుగుల లెక్కను గుర్తుపెట్టుకోండి. చివర్లో దాంతో పని ఉంది.

ఆ తర్వాత రెండేళ్లకు, అంటే 1567లో, సీజరే ఫెడెరిచీ అనే వెనిస్ వర్తకుడు హంపికి వచ్చాడు. ఇళ్లు నిలబడే ఉన్నాయి గానీ మనుషులు లేరు, పులులూ అడవి జంతువులూ తిరుగుతున్నాయని చెప్పుకుంటున్నారు అని రాసుకున్నాడు. రాజు ఎక్కడున్నాడయ్యా అంటే, ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలో ఉన్న పెనుకొండ అనే కోటకు కొలువుతో సహా తరలిపోయాడని రాశాడు. మన కోట పేరు ఒక ఇటలీ మనిషి యాత్రా కథనంలోకి ఎక్కి నాలుగు శతాబ్దాలు దాటింది.

తిరుమలరాయలు ఇక్కడే 1570 ప్రాంతంలో పట్టాభిషేకం చేసుకున్నాడు. ఆరవీటి వంశం పాలన అలా మొదలైంది. తెలుగు చదివినవాళ్లకు ఆయన ఇంకో రకంగానూ తెలుసు. భట్టుమూర్తి, అంటే రామరాజభూషణుడు, వసుచరిత్రను అంకితమిచ్చింది ఈ తిరుమలరాయలకే. రాజధాని పోయి, అన్న పోయి, సైన్యం చెదిరిన రాజు కొలువులో అంతటి ప్రబంధం అంకితమందుకుంది. పెనుకొండ తలదాచుకునే చోటు మాత్రమే అయ్యుంటే ఇది జరిగేది కాదు. అది నిజంగానే రాజధాని.

అసలు ఇంత ఉపద్రవంలో రాజు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నాడు? ఎందుకంటే కోట అప్పటికే రెండు వందల ఏళ్ల పాతది. ఉత్తరపు వాకిట్లో ఉన్న 1354 నాటి శాసనం మొదటి బుక్కరాయల కాలానిది. బుక్కరాయలు ఈ సీమను తన కొడుకు వీర విరుపణ్ణ ఒడెయరుకు అప్పగించాడని, కోట కట్టడం ఆ కాలంలోనే జరిగిందని అది చెబుతుంది. హంపిలో సామ్రాజ్యం మొదలై అప్పటికి ఇరవై ఏళ్లైనా కాలేదు. అంటే విజయనగరం పుట్టిన తొలి రోజుల నుంచే పెనుకొండ దాని రెండో కాలు. సంస్కృతంలో దీన్ని ఘనగిరి అన్నారు.

కోటగోడ దగ్గరికి వెళ్లినప్పుడు రాళ్ల అంచులు చూడండి. వేలెడంత వెడల్పున్న గంట్లు వరసగా, సమాన దూరంలో కనిపిస్తాయి. చాలామంది వాటిని తుపాకీ గుండ్ల దెబ్బలనుకుంటారు. కావు. అవి బండను చీల్చిన గుర్తులు. కొండబండ మీద గీత గీసి, దాని వెంట ఉలితో గుంటలు తొలిచి, వాటిలో చీలలు దిగగొట్టేవాళ్లు. ఎండిన కొయ్య చీలలైతే నీళ్లు పోసేవాళ్లు. కొయ్య ఉబ్బి బండను గీత వెంబడే పగలదీసేది. చీలిన రాయికి ఒక్కో వైపు సగం గుంట మిగిలిపోతుంది. ఆ సగం గుంటలే మనకు గోడలో కనిపించే గంట్లు. విజయనగర కాలపు కట్టడాల్లో హంపి నుంచి మన వైపు దాకా ఈ గుర్తు దొరుకుతుంది. దాంట్లో ఒకసారి వేలు పెట్టి చూడండి. పేరు రాసుకోని ఒక రాతిపనివాడి చేతిపని అది.

వాకిళ్ల సంగతీ అంతే. ఆ కాలపు కోటల్లో వాకిలి నేరుగా లోపలికి తెరుచుకోదు. లోపలికి అడుగుపెట్టగానే దారి అడ్డంగా మలుపు తిరుగుతుంది. తలుపును ఢీకొట్టడానికి ఏనుగు పరుగెత్తుకు రావాలంటే తిన్నని దారి కావాలి. ఆ తిన్నదనం లేకుండా చేశారు. మలుపులో చిక్కిన శత్రువు మీదికి పైనుంచి రాళ్లు దొర్లించడం సులువు. పెనుకొండలో ఎర్రమంచి వాకిలి దగ్గర సుమారు 11 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం ఉంది. ఆ ఎర్రమంచి ఊరే ఇప్పుడు కియా కార్ల ఫ్యాక్టరీ ఉన్న చోటు. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. ఆ ఫ్యాక్టరీకి రోజూ షిఫ్టులకు వెళ్లే మన కుర్రాళ్లు సెలవు రోజున ఓసారి ఆ వాకిలి దాకా వెళ్లి రావాలని నా కోరిక.

ఇక పెనుకొండ గురించి నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచే విషయం. గోడలు కాదు, నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితేనే గొప్ప అనుకునే సీమ మనది. ఇక్కడ కోట కట్టడం ఒక ఎత్తు, ఆ కోటలో వేలమందికి నీళ్లు ఇవ్వడం ఇంకో ఎత్తు. 1388లో రెండో హరిహరరాయలు ఏలుతున్నప్పుడు ఆయన కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉన్నాడు. పెన్నానదిని పెనుకొండకు తీసుకురావాలని ఆయన ఆజ్ఞాపించాడు. ఆ పని అందుకున్నవాడు సింగయభట్టు. ఆయన హోదాను శాసనం జలసూత్ర నిపుణుడిగా చెబుతుంది. ఇప్పటి మాటలో ఇరిగేషన్ ఇంజనీరు. పది విద్యల్లో ఆరితేరినవాడని కూడా పొగుడుతుంది. ఆయన శిరువర చెరువులోకి కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని ఆ రాకుమారుడి పేరు పెట్టాడు. శాసనం దొరికింది గౌరిబిదనూరు ప్రాంతంలో, అంటే ఇప్పుడు కర్ణాటకలో.

ఒక్కసారి ఆలోచించండి. యుద్ధంలో గెలిచిన సేనాపతుల పేర్లు రాతికెక్కడం మామూలే. కాలువ తవ్వించిన ఇంజనీరు పేరు ఆరు వందల ఏళ్లకు పైగా రాతి మీద నిలిచి ఉంది. పెనుకొండ దాకా వెళ్లినవాళ్లు కోటలోని గగనమహల్ ముందు ఫొటో దిగుతారు, మంచిదే. సింగయభట్టు పేరు కూడా పిల్లలకు ఒక్కసారి చెప్పండి.

ఇదేదో ఒక్కచోటి ముచ్చట కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, ఉండకూడని ఆరు దోషాలేమిటో కూడా ఆ శాసనంలో చెక్కించారు. ముదిగుబ్బ నుంచి పుట్టపర్తి వెళ్లేవాళ్లకు దారిలో తగిలే బుక్కపట్నం చెరువును కూడా జనం బుక్కరాయల పేరుతోనే చెప్పుకుంటారు. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడెయరు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేరున ఊరు పెట్టాడని స్థానిక గాథ. పట్టుచీరల ఊరు పుట్టింది చెరువు గట్టునన్న మాట.

నీళ్లు లేకపోతే ఏమవుతుందో గుత్తి కోట చెబుతుంది. అనంతపురం దాటి పైకి వెళ్తే వచ్చే గుత్తి మన సీమలో చూడాల్సిన కోటల్లో మొదటి వరసది. 1751లో ఆర్కాటులో చిక్కుకుపోయిన క్లైవుకు సాయం వచ్చిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే సొంతం చేసుకున్న కోట అది. కొండ అంచున కట్టిన చిన్న మండపాన్ని ఇప్పటికీ మురారిరావు గద్దె అంటారు. ఆయన అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడట. హైదరాలీ ఆ కోటను ముట్టడించి 1776లో పట్టుకున్నాడు. గోడ బద్దలవలేదు, కొండ మీద నీళ్లు అడుగంటాయి. మురారిరావు లొంగిపోయి, మైసూరు రాజ్యంలోని కబ్బాళదుర్గం చెరలో ప్రాణాలు విడిచాడు.

గుత్తిలో ఇంకో సంగతి కూడా ఉంది. దత్తమండలాల మొదటి ప్రధాన కలెక్టరు, మన పల్లెల్లో మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకునేంతగా గుర్తున్న సర్ థామస్ మన్రో, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అప్పటికి ఆయన మద్రాసు గవర్నరు. ఆయన్ను మొదట ఖననం చేసింది గుత్తి కొండ కిందే. తర్వాత అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు.

మళ్లీ పెనుకొండకు వద్దాం. గగనమహల్ రెండంతస్తుల భవనం. కింద కమానులు సుల్తానుల పద్ధతిలో ఉంటాయి, పైన శిఖరం గుడి గోపురం తీరులో లేస్తుంది. హంపిలో కమలమహల్ చూసినవాళ్లకు ఈ కలయిక వెంటనే తెలిసిపోతుంది. గోడల మీద గచ్చుపని మిగిలిన చోట దగ్గరగా నిలబడి చూడండి. ఊళ్లోనే రాముడి గుడి, శివుడి గుడి పక్కపక్కనే ఉన్నాయి. రాముడి గుడి గోడల మీద రామాయణ ఘట్టాలు, శివుడి గుడి మీద శివలీలలు వరసగా చెక్కారు. చదువు రాని అవ్వలు కూడా ఆ గోడ చుట్టూ తిరుగుతూ కథ చెప్పేయగలరు. పార్శ్వనాథుడి జైన బస్తి ఉంది. షేర్ ఖాన్ మసీదు ఉంది. బాబయ్య దర్గా ఉంది. దాని ఉరుసుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. దిగుడుబావి ఒకటుంది, బసవన్న బావి అంటారు. లోపలికి దిగే ద్వారాన్ని నంది రూపంలో మలిచారు. మహామంత్రి తిమ్మరుసును బంధించిన చోటని ఒక కట్టడాన్ని చూపిస్తారు. అది ఊరి నమ్మకం. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి కొలువున్నాడు. ఎక్కాలంటే పొద్దున్నే ఎక్కాలి. ఎనిమిది దాటితే బండ కాలుతుంది.

యూరప్‌లో మధ్యయుగపు కోటలు చూసొచ్చినవాళ్లు ఒక తేడా గమనిస్తారు. అక్కడి కోటల్లో చాలావాటిలో ఉండేది ఒక ప్రభువు, ఆయన కుటుంబం, ఆయన సిపాయిలు. మన కోటలో ఊరే ఉంటుంది. బజారు, గుడి, మసీదు, చెరువు, బావి, అన్నీ గోడ లోపలే. అందుకే పెనుకొండలో పాత రాజధానినీ ఇప్పటి ఇళ్లనూ విడదీయలేం. కోటరాయికి ఆనుకుని వంటిల్లు, బురుజు నీడలో బర్రెలు కనిపిస్తాయి. శిథిలాలంటే మనుషులు లేని చోటని అనుకునేవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. నాకైతే ఇదే ఇష్టం.

ఈ రాజధాని ఎన్నాళ్లు నిలిచింది? 1576-77లో బీజాపూరు అలీ ఆదిల్‌షా ముట్టడించినా కోట లొంగలేదు. గోల్కొండ సైన్యం వచ్చినప్పుడూ నిలబడింది. చివరికి ఆరవీటి వంశపు వెంకటపతిరాయలు 1592 ప్రాంతంలో కొలువును చంద్రగిరికి మార్చాడు. పెనుకొండ మాత్రం 1650ల దాకా విజయనగరం చేజారలేదు.

హిందూపురం వైపు వెళ్లేవాళ్లకు లేపాక్షి గురించి చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒకటే, తల పైకెత్తండి. గుళ్లోకి రాగానే అందరూ వేలాడే స్తంభం దగ్గర చేరి, కింద నుంచి కండువానో చున్నీనో లాగుతారు. ఆ సరదా అయ్యాక కప్పు చూడండి. పెనుకొండ ఖజానాతో సంబంధమున్న విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530లలో వేయించిన బొమ్మలు అక్కడ ఉన్నాయి. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం. దూడను పోగొట్టుకున్న ఆవుకు న్యాయం చేసిన చోళరాజు మనునీతి కథ కూడా ఉంది. వీరభద్రుడి బొమ్మ సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. మగవాళ్ల నెత్తిన పొడవాటి కుళ్లాయిలు, ఆడవాళ్ల చీరల మీద ఒకదానికొకటి పోలిక లేని అంచులు. ధర్మవరం మగ్గం నేసే ఇంటి నుంచి ఎవరైనా వెళ్తే ఆ అంచుల దగ్గరే పొద్దు గూకేదాకా నిలబడిపోతారు.

బయట, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న ఏకశిలా నంది. దాని చూపు ఏడు పడగల నాగలింగం వైపే ఉంటుంది. గుడి ఆవరణలో నేల బండలోనే తొలిచిన రాతి పళ్లేలు కనిపిస్తాయి. గుడి కట్టిన కూలీలు వాటిలో అన్నం తినేవాళ్లని గైడ్లు చెబుతారు. కల్యాణమండపం పూర్తికాలేదు, స్తంభాలే నిలబడ్డాయి. వీరభద్రాలయాన్నీ నందినీ యునెస్కో 2022లో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి తీసుకుంది.

ఓపిక, సొంత బండి ఉంటే మడకశిర దాటి అమరాపురం వైపున్న హేమావతికి వెళ్లండి. విజయనగరానికి అయిదారు వందల ఏళ్ల ముందే అది రాజధాని. నొళంబ పల్లవులు హెంజేరు అనే పేరుతో అక్కడి నుంచి ఏలారు. సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగంగా కాక కూర్చున్న మూర్తిగా దర్శనమిస్తాడు. దొడ్డేశ్వరాలయంలో నల్లరాతి కిటికీల చెక్కడం చూసినవాళ్లు ఇంత మారుమూల ఇంత పనా అంటారు. అప్పుడది మారుమూల కాదు మరి.

దారుల సంగతి. ముదిగుబ్బ రైలు స్టేషను ధర్మవరం-పాకాల లైను మీద ఉంది. ధర్మవరం జంక్షన్‌లో మారితే పెనుకొండ, హిందూపురం రెండూ బెంగళూరు లైను మీదే. రోడ్డు మీదైతే ముదిగుబ్బలో మొదలయ్యే 342వ జాతీయ రహదారి బుక్కపట్నం, పుట్టపర్తి, గోరంట్ల మీదుగా కొడికొండ చెక్‌పోస్టు వైపు వెళ్తుంది. గోరంట్లలో చిత్రావతి ఒడ్డున మాధవరాయస్వామి గుడి స్తంభాలు చూసి, అటు నుంచి లేపాక్షికి వెళ్లొచ్చు. పెనుకొండ, లేపాక్షి రెండూ ఒకే రోజు చూడొచ్చు గానీ అలా చెయ్యకండి. పెనుకొండకు ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. చిత్రాన్నం కట్టుకోండి, నీళ్లు రెట్టింపు పెట్టుకోండి.

ఇప్పుడు ఆ 550 ఏనుగుల సంగతి. ఆ ఖజానా ఇక్కడే ఎక్కడో పూడ్చిపెట్టారన్న నమ్మకం మన సీమను ఇంకా వదల్లేదు. దానివల్ల పెనుకొండకే కాదు, ఊరి చివర పాడుబడ్డ గుడి, వీరగల్లు, కొండమీది మండపం, దేనికీ దిక్కు లేకుండా పోయింది. అమావాస్య రాత్రి గడ్డపారలతో వచ్చి నంది కింద తవ్వుతారు, శివలింగం పెకిలిస్తారు, మూలవిరాట్టు పీఠం పగలగొడతారు. శత్రు సైన్యాలు వదిలేసినవాటిని మనం పడగొట్టుకుంటున్నాం. అసలు ఆరవీటి రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత ఎనభై ఏళ్లకు పైగా బీజాపూరుతో, గోల్కొండతో, తిరగబడిన నాయకులతో పోరాడుతూనే ఉన్నారు. సైన్యాలకు జీతాలివ్వాల్సిన రాజు బంగారాన్ని భూమిలో దాచి ఊరుకుంటాడా?

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. ఆ కట్టడం చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. గోడ మీద మేకుతో ప్రేమికుల పేర్లు గీకడం కూడా పాడుచేయడమే.

కాబట్టి ఈ చలికాలం ఒక ఆదివారం పెనుకొండకు వెళ్లండి, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. మీ ఊరి పాత గుడి దగ్గరో, కోట బురుజు దగ్గరో కొత్తగా తవ్విన గొయ్యి కనిపిస్తే మనకెందుకులే అని తప్పుకోకండి. ఆ రోజే పోలీసులకో, తహసీల్దారు ఆఫీసుకో చెప్పండి.